గడియారంతో పందెం: కొండదారి సైకిల్ పోటీలో టైము ఎక్కడ దొరుకుతుంది?

 

ఈ మధ్య మన బడి పిల్లల నోట ‘నంది’ అన్న మాట తరచుగా వినబడుతోంది. సెలవు రోజుల్లో తెల్లవారుజామునే బెంగళూరు నుంచి నందికొండకు సైకిళ్ళ మీద పోయేవాళ్ళ వీడియోలు ఫోన్లలో చూస్తున్నారు. ప్లస్ వన్‌లో ప్రభుత్వం ఇచ్చిన సైకిల్ చేతికి రాగానే పెద్ద పిల్లలు గుట్టల రోడ్లకు వెళ్ళి, ఒకరి టైము ఒకరు కొలుచుకుంటున్నారు. కొందరు తల్లిదండ్రులు ఆఫీసు గదికి వచ్చి, “సార్, ఇది మంచిదా, చెడ్డదా? పంపమంటారా, మానిపించమంటారా?” అని అడిగారు.

ఆట మంచిదే. ఊపిరికి, కాళ్ళకు, బుద్ధికి మూడింటికీ పని పెట్టే ఆట అది. అయితే మన పిల్లలు టైమును వెతకకూడని చోట వెతుకుతున్నారు. ఎక్కేటప్పుడు తోచినట్టు తొక్కి, పోయిన టైమంతా దిగేటప్పుడు రాబట్టుకోవచ్చని అనుకుంటున్నారు. బ్రేకు ముట్టకుండా దిగడం గొప్ప అని కూడా అనుకుంటున్నారు. ఈ ఆలోచన ప్రమాదకరమే కాదు, లెక్క ప్రకారం కూడా తప్పు. ఎనిమిదో తరగతి గణితం, తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం చాలు ఆ సంగతి తేల్చుకోవడానికి. ఈ వ్యాసం అందుకే.

టైమ్ ట్రయల్ అంటే ఏమిటి?

సైకిల్ పందెం అనగానే వంద మంది గుంపుగా బయలుదేరడం గుర్తుకొస్తుంది. టైమ్ ట్రయల్ అలా ఉండదు. ఒక్కొక్కరే బయలుదేరాలి. ఒకరికి ఇంకొకరికి మధ్య ఒక నిమిషమో, అర నిమిషమో ఎడం ఉంటుంది. ఎవరి టైము వారిది. ముందు పోయే సైకిల్ వెనక గాలి చాటున తొక్కడం నిషేధం. ముందువాణ్ణి అందుకుంటే పక్కకు జరిగి దాటిపోవాలే తప్ప, అతని వెనకే అంటుకొని పోకూడదు.

ఒక ఉదాహరణ. 7వ నంబరు పిల్లవాడు 6 గంటల 7 నిమిషాలకు బయలుదేరి 6.49కి చేరాడు. 12వ నంబరు పిల్ల 6 గంటల 12 నిమిషాలకు బయలుదేరి 6.53కి చేరింది. ముందు చేరింది 7వ నంబరు. గెలిచింది మాత్రం 12వ నంబరు. ఆ పిల్లకు పట్టింది 41 నిమిషాలు, పిల్లవాడికి 42. కొండమీదికి ముందుగా వచ్చినవాడు గెలిచినట్టు కాదు. అందరూ వచ్చి లెక్క తేలేదాకా ఎవరికీ ఏమీ తెలియదు.

ఈ పద్ధతి ఇంగ్లండులో 19వ శతాబ్దం చివర మొదలైంది. రోడ్ల మీద గుంపుగా సైకిల్ పందాలు పెడితే పోలీసులతో, బండ్లవాళ్ళతో తగవులు వచ్చేవి. అందుకని ఒక్కొక్కరినే విడిగా పంపి గడియారంతో కొలిచే పోటీని 1895లో ఎఫ్. టి. బిడ్లేక్ అనే సైకిల్ క్లబ్బు పెద్దమనిషి నడిపించాడు. పందెం ఆడుతున్నట్టు బయటికి కనబడకుండా పోటీదారులు చాలాకాలం నల్లబట్టలు వేసుకుని తొక్కేవారు. ఇప్పటికీ అక్కడ మాస్టర్లు, మెకానిక్కులు, గుమాస్తాలు ఆదివారం పూట ఇలాంటి పోటీల్లో పాల్గొంటారు. ఉద్యోగం ఉద్యోగమే, ఆట ఆటే. వీరినే ఔత్సాహిక పోటీదారులు అంటాం. ఇందులో జీతం ఉండదు, బహుమతి ఉన్నా చిన్నది. పోయినసారి తన టైము కంటే ఈసారి ఎంత తగ్గిందన్నదే వీరికి ముఖ్యం.

కొండదారి టైమ్ ట్రయల్ రెండు రకాలు. ఒకటి, కొండకింద మొదలై కొండమీద ముగిసేది. దీన్ని ఎక్కుడు పోటీ అనవచ్చు. రెండోది ఎక్కుడు, దిగుడు, మళ్ళీ ఎక్కుడు అన్నీ కలిసిన దారి. రెండింటిలోనూ బలం ఎంత ఉందన్నది సగం సంగతి. ఉన్న బలాన్ని ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలన్నది మిగతా సగం.

నందికొండ దారి

నందికొండ మనకు పరాయిది కాదు. మన కెలవరపల్లి డ్యాముకు వచ్చే దక్షిణ పినాకిని పుట్టేది ఆ కొండల్లోనే. నెల్లూరు దాకా పోయే పెన్న కూడా ఆ వరుసలోనే పుడుతుంది. చిక్కబళ్ళాపురం జిల్లాలో ఆ చుట్టుపక్కల చాలా ఊళ్ళలో మనలాగే తెలుగు మాట్లాడతారు. ఆ కొండ పక్కనే ఉన్న ముద్దేనహళ్ళి మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ఊరు. వారి పూర్వీకులది ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని మోక్షగుండం.

కొండ శిఖరం సముద్రమట్టానికి 1,478 మీటర్ల ఎత్తున ఉంది. బెంగళూరుకు సుమారు 60 కిలోమీటర్ల దూరం. కింద నుంచి పైకి మలుపులు తిరుగుతూ పోయే రోడ్డు ఇంచుమించు 8 కిలోమీటర్లు, ఎక్కే ఎత్తు 400 మీటర్ల పైచిలుకు. మన లెక్కకోసం దూరం 8 కిలోమీటర్లు, ఎత్తు 400 మీటర్లు అనుకుందాం. అంటే ప్రతి 100 మీటర్ల దారికి 5 మీటర్లు పైకి పోతాం. దీన్నే 5 శాతం వాలు అంటారు. ఇది సగటు మాత్రమే. ఒకచోట మెత్తగా ఉంటుంది, ఇంకోచోట, ముఖ్యంగా పైభాగంలో, ఛాతీకి అడ్డం పడినట్టు నిటారుగా ఉంటుంది. బెంగళూరు ఔత్సాహిక సైకిలిస్టులు తమ కాళ్ళ సత్తువను కొలుచుకునేది ఈ దారి మీదే.

ఎక్కేటప్పుడు మనం చేసే పని

పిల్లలూ, పుస్తకం తీయండి. పని = ద్రవ్యరాశి × గురుత్వ త్వరణం × ఎత్తు.

మనిషి బరువు 60 కిలోలు, సైకిల్ 12 కిలోలు అనుకుందాం. మొత్తం 72. ఎత్తు 400 మీటర్లు.

72 × 9.8 × 400 = 2,82,240 జౌళ్ళు.

ఇంత పని 40 నిమిషాల్లో, అంటే 2,400 సెకన్లలో చేస్తే సామర్థ్యం దాదాపు 118 వాట్లు. 30 నిమిషాల్లో చేయాలంటే 157 వాట్లు కావాలి. టైరు రాపిడికి, గాలికి ఇంకొంచెం కలపాలి. పాత ఫ్యాను ఒకటి రెండు తిరగడానికి పట్టే కరెంటు ఎంతో, కాళ్ళతో అంత శక్తిని ఆగకుండా పుట్టించాలన్నమాట.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. గంటకు 12 కిలోమీటర్ల వేగంతో కొండ ఎక్కేటప్పుడు మన శక్తిలో ఇంచుమించు ఆరు పాళ్ళకు ఐదు పాళ్ళు బరువును పైకి మోయడానికే పోతుంది. గాలి అడ్డం చాలా తక్కువ. చదును నేల మీద 30 కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు సంగతి తలకిందులవుతుంది. అక్కడ శక్తిలో ఎక్కువ భాగాన్ని గాలే తినేస్తుంది. వేగం రెట్టింపయితే గాలి అడ్డం నాలుగు రెట్లవుతుంది, దాన్ని తోసుకుని పోవడానికి కావలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది.

అంటే ఎక్కుడులో పది శాతం ఎక్కువ కష్టపడితే వేగం కూడా ఇంచుమించు పది శాతం పెరుగుతుంది. చదునులో, దిగుడులో అంతే కష్టం పెడితే చాలా భాగం గాలిపాలవుతుంది. కష్టానికి కూలి దొరికేది ఎక్కుడులోనే.

ఈ సంగతి ప్రపంచమంతా చూసేలా 2020 సెప్టెంబరులో ఫ్రాన్సులో జరిగింది. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో చివరి రోజుకు ముందు రోజు 36.2 కిలోమీటర్ల టైమ్ ట్రయల్ పెట్టారు. మొదటి 30 కిలోమీటర్లు దాదాపు మామూలు దారి. చివరి 6 కిలోమీటర్లు ‘లా ప్లాన్ష్ దె బెల్ ఫీయ్’ అనే నిటారు కొండ. ఆ ఉదయానికి స్లొవేనియాకు చెందిన ప్రీమోజ్ రోగ్లిచ్ 57 సెకన్లు ముందున్నాడు. అతని దేశంవాడే, ఇంకా 22 ఏళ్ళు నిండని తదేయ్ పొగాచార్ ఆ ఒక్క దారిలోనే అతనికంటే 1 నిమిషం 56 సెకన్లు తక్కువ తీసుకుని, మొత్తం పందేన్ని 59 సెకన్ల తేడాతో గెలిచాడు. మూడు వారాల పందెం చివరి కొండ మీద తారుమారైంది. ఇద్దరూ కొండ మొదట్లో ఆగి సైకిళ్ళు మార్చుకున్నారు. చదునులో గాలిని కోసే సైకిల్, కొండమీద తేలిక సైకిల్. మనం పైన వేసిన లెక్కే వాళ్ళూ వేసుకున్నారు.

సగటు దగ్గర పొరపాటు

తరగతిలో ఈ ప్రశ్న వేసి చూడండి. “10 కిలోమీటర్ల ఎక్కుడును గంటకు 15 కిలోమీటర్ల వేగంతో ఎక్కాను. అదే 10 కిలోమీటర్లు 45 వేగంతో దిగాను. సగటు వేగం ఎంత?”

చాలామంది 30 అంటారు. పదిహేనూ నలభై ఐదూ కలిపి రెండుతో భాగిస్తారు. కాని టైము లెక్క చూడండి. ఎక్కడానికి 40 నిమిషాలు, దిగడానికి 13 నిమిషాల 20 సెకన్లు, మొత్తం 53 నిమిషాల 20 సెకన్లు. దూరం 20 కిలోమీటర్లు. సగటు వేగం 22.5 మాత్రమే.

ఎందుకిలా? దూరం రెండు వైపులా సమానమే అయినా, టైములో నాలుగింట మూడు పాళ్ళు ఎక్కుడులోనే గడిచిపోయింది. నెమ్మదిగా పోయేచోట ఎక్కువసేపు ఉంటాం. టైము ఎక్కువ ఖర్చయ్యేది అక్కడే కాబట్టి, మిగుల్చుకోవడానికి వీలున్నదీ అక్కడే.

ఇప్పుడు అసలు లెక్క. 5 కిలోమీటర్ల ఎక్కుడును 10 వేగంతో ఎక్కితే 30 నిమిషాలు. వేగం ఒక్క కిలోమీటరు పెంచి 11 చేస్తే 27 నిమిషాల 16 సెకన్లు. మిగిలింది 2 నిమిషాల 44 సెకన్లు.

అదే 5 కిలోమీటర్లను 40 వేగంతో దిగితే ఏడున్నర నిమిషాలు. ప్రాణం అరచేతిలో పెట్టుకుని 50 వేగంతో దిగితే 6 నిమిషాలు. మిగిలింది ఒకటిన్నర నిమిషం.

ఎక్కుడులో ఒక్క కిలోమీటరు వేగం పెంచితే వచ్చిన లాభం, దిగుడులో పది కిలోమీటర్లు పెంచినా రాలేదు. ఈ రెండు లెక్కలనూ పిల్లలు తమ చేత్తో నోటుబుక్కులో వేసి ఇంట్లో చూపించాలని నా కోరిక. “జాగ్రత్త, మెల్లగా దిగు” అని వంద సార్లు చెప్పేకంటే ఈ లెక్క ఒకసారి వేయించడం మేలు.

మొదటి రెండు కిలోమీటర్ల ఆశ

ఎక్కుడులో కష్టపడాలి అన్నాం గదా అని మొదట్లోనే పూనకం వచ్చినట్టు తొక్కితే మళ్ళీ నష్టమే. కొండకింద నిలబడినప్పుడు కాళ్ళు తాజాగా ఉంటాయి, చుట్టూ చప్పట్లు, గుండె దడ. ఆ నిమిషంలో ఎంత కష్టమైనా తేలికగానే కనిపిస్తుంది.

ఇద్దరు పిల్లలను ఊహించుకుందాం. 8 కిలోమీటర్ల ఎక్కుడు. మొదటివాడు మొదటి నుంచి చివరిదాకా 12 వేగంతో ఒకే తీరుగా పోయాడు. 40 నిమిషాల్లో చేరాడు. రెండోవాడు మొదటి 2 కిలోమీటర్లు 16 వేగంతో లాగించాడు. అక్కడికి ఏడున్నర నిమిషాలు. మొదటివాడికి అక్కడికి పది పట్టింది కాబట్టి రెండున్నర నిమిషాల లాభం. కాని ఊపిరి తెగిపోయింది. మిగతా 6 కిలోమీటర్లు 10 వేగంతో ఈడ్చుకుంటూ పోయాడు. అందుకు 36 నిమిషాలు. మొత్తం 43 నిమిషాల 30 సెకన్లు. ఇద్దరూ ఒకేసారి బయలుదేరి ఉంటే, నాలుగున్నర కిలోమీటర్ల దగ్గర మొదటివాడు ఇతణ్ణి దాటి ఉండేవాడు.

శరీరం సంగతి ఇది. ఊపిరితో అందే ఆక్సిజన్‌కు సరిపడినంత పని చేస్తే కండరాలు చాలాసేపు చేయగలవు. ఆ హద్దు దాటితే కొన్ని నిమిషాలే. తరవాత కాళ్ళు బరువెక్కుతాయి, రొప్పు వస్తుంది. ఆ అప్పు తీర్చడానికి వేగం బాగా తగ్గించుకోక తప్పదు. అదీ కొండమీద, వేగం తగ్గితే ఎక్కువ నష్టం వచ్చే చోట.

హద్దు తెలుసుకోవడానికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. మాటే కొలత. తొక్కుతూ ఒక పూర్తి వాక్యం పలకగలిగితే ఇంకా సత్తువ ఉంది. రెండు మూడు మాటలకు మించి రాకపోతే హద్దు దగ్గర ఉన్నాం. ఒక్క మాట కూడా రాకపోతే హద్దు దాటాం. 40 నిమిషాల పోటీలో మొదటి పది నిమిషాలు ‘ఇంకొంచెం తొక్కగలనే’ అనిపించేలా పోవాలి. మధ్య భాగంలో రెండు మూడు మాటల దగ్గర నిలవాలి. చివరి కిలోమీటరులో మిగిలింది ఖర్చు పెట్టాలి. వాలు బాగా నిటారుగా ఉన్నచోట కొంచెం ఎక్కువ, మెత్తబడ్డచోట కొంచెం తక్కువ కష్టం పెట్టి ఊపిరి సర్దుకోవాలి.

పబ్లిక్ పరీక్ష రాసే పిల్లలకు ఇది వేరే చెప్పాలా? మొదటి ప్రశ్న బాగా వచ్చు కదా అని అదనంగా రెండు పేజీలు రాసి, చివరి ప్రశ్నలకు టైము చాలక వదిలేసినవాళ్ళను ప్రతి ఏడూ చూస్తున్నాం. బాగా వచ్చిన సబ్జెక్టులో 92ను 94 చేయడానికి పడే తంటా కంటే, వెనకబడిన సబ్జెక్టులో 40ని 50 చేయడం తేలిక. నెమ్మదిగా ఉన్నచోటే లాభం దాగి ఉంటుంది. ఇది సైకిల్‌కే కాదు.

గేరు లెక్క

కొండమీద మోకాళ్ళు నొప్పి పుట్టడానికి ముఖ్య కారణం తప్పు గేరు. ముందు చక్రానికి 44 పళ్ళు, వెనక చక్రానికి 18 పళ్ళు ఉన్న మామూలు సైకిల్ అనుకోండి. పెడలు ఒక్క చుట్టు తిరిగితే వెనక చక్రం 44 ÷ 18, అంటే దాదాపు 2.4 చుట్లు తిరుగుతుంది. టైరు చుట్టుకొలత 2.2 మీటర్లు అయితే ఒక్క తొక్కుకు సైకిల్ 5.4 మీటర్లు పోతుంది. 10 వేగంతో ఎక్కాలంటే నిమిషానికి 31 సార్లు పెడలు తిప్పితే చాలు. వినడానికి హాయిగా ఉంది గాని, ఒక్కో తొక్కుకు మోకాలి మీద పడే బరువు భయంకరం.

గేర్ల సైకిల్ మీద ముందు 34, వెనక 32 పళ్ళు పెట్టుకుని, చుట్టుకొలత 2.1 మీటర్లు అయితే ఒక్క చుట్టుకు 2.2 మీటర్లే పోతాం. అదే 10 వేగానికి నిమిషానికి 75 సార్లు తిప్పాలి. చేసే పని మొత్తం ఒకటే. కాని దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి పంచుకున్నాం. బావిలో నీళ్ళు ఒకేసారి గంగాళంతో లాగడానికి, చిన్న బిందెతో ఎక్కువ సార్లు తోడడానికి ఎంత తేడానో ఇక్కడా అంతే. నిమిషానికి 70 నుంచి 90 చుట్ల మధ్య చాలామందికి సుఖంగా ఉంటుంది.

అందుకని గేర్లు లేని సైకిల్‌తో పెద్ద కొండలు ఎక్కాలని పిల్లలు పట్టు పట్టవద్దు. కాళ్ళు చాలనిచోట దిగి తోసుకుంటూ పోవడం సిగ్గుపడవలసిన పని కాదు. చిన్న గుట్ట అయితే ఆ సైకిలే చాలు.

దిగుడు సంగతి

నందికొండ వంటి ఎక్కుడు పోటీ కొండమీదే ముగుస్తుంది. తరవాత కిందికి రావడం పోటీలో భాగం కాదు. దాని టైము ఎవరూ రాసుకోరు. అయినా దెబ్బలు తగిలేది తరచుగా ఆ దిగుడులోనే. కాళ్ళు అలిసి ఉంటాయి, చెమట ఆరి చేతులు చల్లబడతాయి, గెలిచామన్న సంతోషమో ఓడామన్న కోపమో మనసులో ఉంటుంది. కింద నుంచి కార్లు, బస్సులు వస్తుంటాయి. సెలవు రోజయితే మరీ ఎక్కువ.

ఎదురుగా ఏదో కనబడినప్పటి నుంచి చెయ్యి బ్రేకు నొక్కేలోపు ఒక సెకను పట్టిందనుకోండి. 40 వేగంలో ఆ ఒక్క సెకనులో సైకిల్ 11 మీటర్లు పోతుంది, 50 వేగంలో 14 మీటర్లు. అది బ్రేకు పడకముందు సంగతి. బ్రేకు పడ్డాక ఆగడానికి పట్టే దూరం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40 నుంచి 50కి పోతే ఆ దూరం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. వాలు మీద, తడి మీద, ఇసుక మీద ఇంకా ఎక్కువ. ఘాట్ రోడ్డు మలుపులో ముందు 20 మీటర్లు కూడా కనబడని చోట్లుంటాయి. మిగిలిన దంతా మీరే ఆలోచించండి.

దిగేటప్పుడు పాటించవలసినవి ఇవి:

వేగం మలుపుకు ముందే తగ్గించాలి, మలుపు మధ్యలో కాదు. మలుపులో గట్టిగా బ్రేకు వేస్తే చక్రం జారుతుంది.

రెండు బ్రేకులూ కలిపి వాడాలి. ముందు బ్రేకు ఒక్కటే ఒక్కసారిగా నొక్కితే మనిషి ముందుకు పల్టీ కొడతాడు.

బ్రేకు అదేపనిగా నొక్కి ఉంచకుండా, నొక్కుతూ వదులుతూ దిగాలి. లేకపోతే బ్రేకు రబ్బర్లు, రిమ్ము వేడెక్కి పట్టు తగ్గుతుంది.

మన ఎడమవైపు దాటి కుడివైపుకు పోకూడదు. మలుపు కోయడానికి ఎదురు బండ్ల దారిలోకి పోవడం టీవీలో రోడ్డు మూసి పెట్టిన పందేల్లో చేసే పని. మన రోడ్డు మూసి లేదు.

ఖర్చు, తిండి

“సార్, మంచి సైకిల్ లేకపోతే గెలవలేమంట గదా?” అని పిల్లలు అడుగుతారు. తల్లిదండ్రులకు ఇది పెద్ద బరువు. దీనికీ లెక్క ఉంది. మన 72 కిలోల ఉదాహరణలో ఒక కిలో తగ్గితే 40 నిమిషాల ఎక్కుడులో మిగిలేది సుమారు అర నిమిషం. పైన చెప్పిన తొందరపాటు ఆరంభం వల్ల పోయింది మూడున్నర నిమిషాలు. సైకిల్‌లో ఒక కిలో తగ్గించడానికి వేల రూపాయలు కావాలి. ఆరంభంలో తొందర తగ్గించుకోవడానికి పైసా అక్కరలేదు. ముందు ఉచితంగా దొరికేవన్నీ తెచ్చుకుందాం. టైర్లలో సరిపడా గాలి, నూనె పెట్టిన చైను, తొడ పొడవుకు తగ్గట్టు సర్దిన సీటు, రెండు వైపులా పట్టే బ్రేకులు. డబ్బు పెట్టేదేదైనా ఉంటే మొదటిది హెల్మెట్.

ఇంకొక ముఖ్యమైన మాట. బరువు తగ్గితే టైము తగ్గుతుందని విని, ఎదిగే వయసులో పిల్లలు తిండి మానకూడదు. ఆడపిల్లలకు మరీ గట్టిగా చెబుతున్నాను. తినని కాళ్ళు తొక్కవు. పోటీకి రెండు మూడు గంటల ముందు ఇడ్లీ, రాగి సంకటి, అరటిపండు వంటి అలవాటైన తిండి తినాలి. కొత్తవి ఆ రోజు ప్రయత్నించకూడదు. నీళ్ళ సీసా వెంట ఉండాలి. బయలుదేరే ముందు పావుగంట మెల్లగా తొక్కి కాళ్ళు వేడి చేసుకోవాలి.

పంపమంటారా, మానిపించమంటారా?

తల్లిదండ్రులు అడిగిన ప్రశ్నకు నా సలహా ఇది.

మొదట, పెద్దవాళ్ళు వెంట లేకుండా ఘాట్ రోడ్డుకు పంపవద్దు. టైము కొలిచే పందెం అసలే వద్దు. పోటీలో చేరాలనుకుంటే నిర్వాహకులు పెట్టిన వయసు నిబంధన, ఆరోగ్య పత్రం, హెల్మెట్ నిబంధన చదివి, మీ సంతకంతోనే చేర్పించండి. వయసు ఎక్కువ చెప్పి చేర్పించడం పిల్లవాడికి మొదటి అబద్ధం నేర్పడమే.

రెండోది, ఉబ్బసం, గుండె సంబంధమైన ఇబ్బంది, తరచూ కళ్ళు తిరగడం ఉన్న పిల్లలను డాక్టరుకు చూపించకుండా ఎక్కుడు తొక్కించవద్దు.

మూడోది, అభ్యాసానికి పెద్ద కొండ అక్కరలేదు. బండ్లు తిరగని చోట అర కిలోమీటరు గుట్ట దారి ఉంటే చాలు. వారానికి రెండు రోజులు, ఒక్కో రోజు నాలుగైదు సార్లు ఎక్కాలి. ప్రతిసారీ టైము రాసుకోవాలి. గురి ఏమిటంటే, ఐదోసారి టైము మొదటిసారి టైముకు దగ్గరగా ఉండాలి. మొదటిది బాగా తక్కువై, ఐదోది బాగా ఎక్కువైతే బలాన్ని పంచుకోవడం ఇంకా రాలేదన్నమాట. దిగుడు టైము మాత్రం ఎవరూ కొలవకూడదు. ఇది మన బడి నియమంగా పాటించమని కోరుతున్నాను.

నాలుగోది, ఆడపిల్లలను కూడా పంపండి. గడియారానికి ఆడా మగా తేడా తెలియదు. ఈ ఆటలో పక్కవాడు తోసేది లేదు, తగులుకునేది లేదు. ఎవరి టైము వారిదే.

విద్యార్థులకు పని

ఎనిమిది నుంచి ప్లస్ వన్ దాకా ఉన్న పిల్లలు ఈ వారం మూడు పనులు చేయండి.

ఒకటి: ఇంట్లో ఉన్న సైకిల్ ముందు, వెనక పళ్ళు లెక్కపెట్టండి. టైరు చుట్టుకొలత దారంతో కొలవండి. ఒక్క తొక్కుకు సైకిల్ ఎంత దూరం పోతుందో లెక్క కట్టండి.

రెండు: మీ బరువు, సైకిల్ బరువు కలిపి, 400 మీటర్ల కొండ ఎక్కడానికి ఎంత పని చేయాలో, 45 నిమిషాల్లో ఎక్కితే ఎన్ని వాట్లో తేల్చండి.

మూడు: ఎక్కుడులో 8 వేగాన్ని 9 చేస్తే 4 కిలోమీటర్ల దారిలో ఎంత టైము మిగులుతుంది? అదే దారిని దిగేటప్పుడు 30 వేగాన్ని 40 చేస్తే ఎంత మిగులుతుంది? రెండు జవాబులనూ పక్కపక్కన రాసి, కింద అమ్మగారి చేతో నాన్నగారి చేతో సంతకం చేయించుకుని గణితం పీరియడుకు తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయుడు